చప్పుడు లేని పందెం

2023 ఫిబ్రవరి 11, శనివారం మధ్యాహ్నం. హుస్సేన్‌సాగర్ పక్కన వేసిన తాత్కాలిక స్టాండులో నేనూ మా నాన్నా కూర్చుని ఉన్నాం. రోజూ ఆఫీసు క్యాబ్‌లో ఈసురోమంటూ వెళ్ళే ఎన్టీఆర్ మార్గ్‌కి రెండు పక్కలా కాంక్రీటు గోడలు, వాటి మీద ఇనప కంచెలు. ఇరవై రెండు కార్లు వరసగా మా ముందు నుంచి వెళ్ళిపోయాయి. ఈల వేసినట్టు సన్నటి కూత, టైర్లు రోడ్డుని రాసుకునే చప్పుడు, అంతే. పక్క వరసలో ఒక కుర్రాడు "అయిపోయిందా?" అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళం నవ్వాం. ఆ నవ్వులో నేనూ ఉన్నాను కాబట్టి ఈ వ్యాసం రాయాల్సి వచ్చింది.

అది మన దేశంలో జరిగిన మొదటి ఫార్ములా-ఇ రేసు. ఇప్పటికి అదే ఆఖరిది కూడా. 2024 ఫిబ్రవరి 10న రెండోది జరగాల్సింది. ప్రభుత్వం మారింది, ఒప్పందం ముందుకి సాగలేదు, జనవరిలోనే రద్దు ప్రకటించారు. ఆ తరవాత డబ్బు చెల్లింపుల వ్యవహారం కేసుల్లోకి వెళ్ళింది. దాని గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. రేసు గురించి మాట్లాడినవాళ్ళే కనబడలేదు. ఊళ్ళో ఒక నాటకం వేస్తే మర్నాడు ఖర్చు లెక్కలే చెప్పుకుని, ఎవరెలా నటించారో ఎవరూ అనకపోతే ఎలా ఉంటుందో, అలా ఉంది నాకు.

ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్ ఒకడున్నాడు. ఇప్పుడు నార్త్ కరోలినాలో, షార్లెట్‌లో ఉంటాడు. పద్నాలుగేళ్ళుగా మా ఇద్దరికీ ఒకటే గొడవ. ఏది రేసు, ఏది కాదు? ఇద్దరికీ మొదటి ఉద్యోగం నోయిడాలో వచ్చింది. 2013 అక్టోబరులో బుద్ధ్ సర్క్యూట్‌కి కలిసే వెళ్ళాం. మూడేళ్ళు జరిగిన ఇండియన్ గ్రాండ్‌ప్రీకి అదే ఆఖరి ఏడు. మూడుసార్లూ గెలిచింది వెటెలే. ఆ రోజు నాలుగో టైటిల్ కూడా ఖాయమైంది. గెలిచాక నిబంధన పక్కన పెట్టి, స్టాండు ముందు కారుని గిరగిరా తిప్పి, పొగ లేపి, దిగి దానికి దణ్ణం పెట్టాడు. మావాడు ఏడ్చాడు. వెటెల్‌ని చూసి కాదు, ఆ చప్పుడుకి. 2.4 లీటర్ల వి-ఎయిట్ ఇంజను నిమిషానికి పద్దెనిమిది వేల సార్లు తిరుగుతుంటే ఆ మోత చెవికి కాదు, పక్కటెముకలకి వినిపిస్తుంది. మరుసటి ఏడు నుంచి 1.6 లీటర్ల వి-సిక్స్ టర్బో హైబ్రిడ్లు వచ్చాయి. మోత తగ్గింది. ఫార్ములా వన్ ఆ రోజే చచ్చిపోయిందని మావాడి తీర్మానం. ఇక బ్యాటరీ కార్లయితే వాడి దృష్టిలో మిక్సీలు. "మిక్సీలకి పందెం పెట్టి టికెట్టు అమ్మారురా మీ హైదరాబాదోళ్ళు" అన్నాడు రేసయిన రాత్రి ఫోన్లో.

వాడి మాటని అంత తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. చప్పుడు అలంకారం కాదు. ఇంజను మోతలో సమాచారం ఉంటుంది. గేరు ఎక్కడ మారింది, మలుపు దగ్గర కాలు ఎంత ఆలస్యంగా తీశాడు, ఎవడు భయపడ్డాడు, ఇవన్నీ కళ్ళు మూసుకున్నా తెలుస్తాయి. పద్యం చదివేవాడు యతి దగ్గర ఆగాడో లేదో వినేవాడికి తెలిసినట్టు. ఆ సమాచారాన్ని తీసేసి, దాని స్థానంలో ఇంకేదీ ఇవ్వకపోతే ప్రేక్షకుడు గుడ్డివాడవుతాడు. ఇంతవరకూ నేను వాడితోనే.

అయితే ఆ రోజు స్టాండులో నా పక్కన కూర్చున్న మనిషి ముప్ఫై ఏళ్ళు లారీ నడిపాడు. జగ్గయ్యపేట చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి సిమెంటు లోడు. పది ల్యాపులయ్యాక ఆయన నా మోచెయ్యి తట్టి, "ఒరే, వాళ్ళు బ్రేకు కొట్టకముందే కాలు తీసేస్తన్నారు చూశావా" అన్నాడు. నేను చూడలేదు. "అదిగో, ఆ బోర్డు కాడ. మలుపింకా దూరం ఉంది. అక్కడే వదిలేస్తన్నాడు. మా చిల్లకల్లు టోల్‌గేటు ముందు మేం వదిలేసినట్టు."

ఆయన చెప్పినదానికి ఇంగ్లీషులో ఒక పేరుంది, రేసు చూసేవాళ్ళకి తెలుసు: లిఫ్ట్ అండ్ కోస్ట్. ఫార్ములా-ఇలో ప్రతి కారుకీ రేసుకి ఇంత శక్తి అని లెక్క ఉంటుంది. మొదటి నుంచీ గట్టిగా తొక్కితే చివరి గీత దాకా రాదు. అందుకని మలుపుకి చాలా ముందే కాలు తీసి, కారుని దాని ఊపులో పోనిచ్చి, తరవాత మోటారునే బ్రేకుగా వాడి ఆ ఊపుని మళ్ళీ బ్యాటరీలోకి నింపుకుంటారు. హైదరాబాద్‌లో నడిచిన మూడో తరం కార్లలో వెనక చక్రాలని ఆపే పని ప్రధానంగా మోటారుదే. రేసులో వాడే శక్తిలో నలభై శాతం దాకా ఇలా తిరిగి వచ్చేదేనని తయారుచేసినవాళ్ళు చెబుతారు. ముందున్న కారు గాలిని చీల్చుకుంటూ పోవాలి కాబట్టి దానికి ఖర్చెక్కువ, వెనక నక్కినవాడికి తక్కువ. అందుకే ఈ ఆటలో ముందుండటం కొన్నిసార్లు నష్టం. మా మిత్రుడికి సరిగ్గా ఇదే కడుపుమంట. "పొదుపు చేసేవాడు గెలిస్తే అది పందెమెట్టా అవుద్ది? అది పోస్టాఫీసు."

ఇక్కడ మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. మాది గరికపాడు. హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చేవాళ్ళు పాలేరు వంతెన దాటి ఆంధ్రాలో అడుగుపెట్టేది మా దగ్గరే. మా చిన్నప్పుడది తొమ్మిదో నంబరు హైవే, ఇప్పుడు అరవై ఐదు. రాత్రి తొమ్మిది దాటాక టీకొట్టు బల్ల మీద కూర్చుంటే బస్సులే సినిమా. ఏ బస్సు ముందొస్తుందని మేం పందేలు కాసేవాళ్ళం, రూపాయో, రెండో. దూరంగా లైట్లు కనబడగానే హారన్‌ని బట్టి బస్సు పేరు చెప్పేవాళ్ళుండేవారు. అంటే మోటారు రేసు నాకు టీవీలో పరిచయం కాలేదు, ఇంటిముందు పరిచయమైంది. నాన్నకి ఆ బల్ల మీద నేను కూర్చోవడం నచ్చేది కాదు. "పందెం" అన్న మాటకే మొహం తిప్పుకునేవాడు. ఆయన దగ్గర ఏడాదిన్నర పనిచేసిన క్లీనర్ కుర్రాడొకడు తరవాత వేరే లారీకి మారాడు. లోడింగు క్యూలో సీరియల్ నంబరు కోసం రెండు లారీలు పోటీపడి పరిగెత్తిన ఒక తెల్లవారుజామున వాడు పోయాడు. ఎవరిది తప్పో తేల్చే ఉద్దేశం నాకు లేదు. నాన్నని రేసుకి తీసుకెళ్ళడానికి నేను ఎందుకు రెండు వారాలు బతిమాలాల్సి వచ్చిందో చెప్పడానికి చెబుతున్నాను.

సన్నటి చప్పుడు చేస్తూ, కాలు ముందే తీసేస్తూ పరిగెత్తే ఆ కార్ల దగ్గర ఆయన మొహం తిప్పుకోలేదు. ఆఖరి ల్యాపుల్లో ఫ్రెంచి డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ ముందున్నాడు, న్యూజీలాండ్ వాడు నిక్ కాసిడీ అతని తోక పట్టుకుని ఉన్నాడు. కాసిడీ దగ్గర మిగిలిన చార్జి ఎక్కువ. అంటే దాటే స్తోమతు ఉన్నది వెనకవాడికే. వెర్న్ మలుపు మలుపుకీ సరిగ్గా కావలసినంతే ఖర్చుపెట్టి, తలుపు మూసి, అర సెకను కూడా లేని తేడాతో గెలిచాడు. నాన్న ముందుకి వంగి చూశాడు. "సైడివ్వట్లేదు చూడు" అన్నాడు, మెచ్చుకోలుగా.

అది చూశాక ఈ పద్నాలుగేళ్ళ గొడవలో మేమిద్దరం తప్పు ప్రశ్న అడుగుతున్నామని నాకనిపించింది. ఏది వేగం, ఏది మోత, ఏది ప్రమాదం అని కాదు. ఏ పందెం ముందైనా కూర్చుని అడగాల్సింది ఒకటే: ఇక్కడ ఏది ఖర్చవుతోంది? అది నాకు కనబడుతోందా?

ఈ రెండు ముక్కల ప్రశ్నతో చూస్తే పందేలు ఒక్కొక్కటీ వేరువేరు ప్రక్రియలుగా విడిపోతాయి. నవలని కథలా చదివి బాగాలేదనడం, కథని పద్యంలా చదివి గణాలు కుదరలేదనడం మన సాహిత్యంలో కూడా ఉన్న జబ్బే కదా. ఫార్ములా వన్‌లో ఖర్చయ్యేది టైరు. వేడెక్కి, అరిగి, పట్టు జారిపోయే రబ్బరు. అందులో గొప్ప డ్రైవరంటే రబ్బరుని చివరిదాకా బతికించుకున్నవాడు. ఓవల్ ట్రాకుల మీద తిరిగే నాస్కార్‌లో ఖర్చయ్యేది ఓపికా, గాలీ. ముందువాడి వెనక గాలి నీడలో ఎంతసేపు దాక్కోవాలి, ఎప్పుడు బయటికి రావాలి. "ఎప్పుడూ ఎడమకే తిరుగుతారు, అదో రేసా" అని నేను ఏళ్ళ తరబడి మావాడిని ఏడిపించాను. ఇప్పుడా మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఇక్కడే, పదిమంది ముందు. కొండల్లోనూ అడవి దారుల్లోనూ సాగే ర్యాలీలో ఖర్చయ్యేది నమ్మకం. డ్రైవరుకి ముందున్న మలుపు కనబడదు. పక్క సీట్లో కూర్చున్నవాడు కాగితం చూసి చదువుతుంటాడు, ఎడమ, మూడు, గతుకు, జాగ్రత్త. ఆ గొంతుని నమ్మి కనబడని దాంట్లోకి కారుని విసరాలి. మూడుసార్లు ఆసియా పసిఫిక్ ర్యాలీ ఛాంపియనైన మన గౌరవ్ గిల్‌ని మన పేపర్లు ఎప్పుడైనా మొదటి పేజీలో వేశాయో లేదో గాని, ఆ పక్క సీటువాడి పని మాత్రం మా ఊరి పక్క హైవే మీద ప్రతి లారీలోనూ జరిగేది. కిటికీలోంచి సగం ఒళ్ళు బయటపెట్టి, తలుపు మీద చేత్తో కొడుతూ, "రైట్, రైట్, పోనీ పోనీ" అనే క్లీనర్. ర్యాలీ వీడియో ఏది చూసినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ కుర్రాడే. అందుకే నేను ర్యాలీలు ఎక్కువ చూడలేను. ఇది విమర్శకుడి లోపమే, ఒప్పుకుంటాను.

ఇక లె మాన్స్. ఇరవై నాలుగు గంటలు. అక్కడ ఖర్చయ్యేది రాత్రి. 2016లో టయోటా వాళ్ళ ఐదో నంబరు కారు ఇరవై మూడు గంటల యాభై ఏడు నిమిషాల దాకా ముందుండి, ఇంకో మూడు నిమిషాలుందనగా శక్తి చచ్చిపోయి స్టాండ్ల ఎదురుగా ఆగిపోయింది. దాన్ని దాటుకుని వెళ్ళిన పోర్షే కారులో అప్పుడు చక్రం పట్టుకున్నవాడు నీల్ జానీ. టయోటా కారు ఎలాగో మళ్ళీ కదిలి చివరి ల్యాపు ముగించింది గాని, ఆ ల్యాపుకి ఆరు నిమిషాలు మించకూడదన్న నిబంధన వల్ల ఫలితాల్లో దానికి చోటే దొరకలేదు. రెండో స్థానం కాదు, అసలు లేనేలేదు. ఆ కారు పంచుకున్న ముగ్గురిలో ఒకడు స్విట్జర్లండ్ వాడు సెబాస్టియన్ బ్యుయెమి. ఇదెందుకు చెబుతున్నానంటే, ఆ గెలిచిన నీల్ జానీ 2022లో ఇండియన్ రేసింగ్ లీగ్‌లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ అనే జట్టుకి నడిపాడు. ఆ ఓడిన బ్యుయెమి కొన్ని వారాల తేడాతో మా కళ్ళ ముందు సాగర్ ఒడ్డున మూడోవాడిగా గీత దాటాడు, సంబరపడ్డాడు, తరవాత అనుమతించినదానికంటే ఎక్కువ పవరు వాడాడని పెనాల్టీ వేసి వెనక్కి తోసేస్తే ఆ మూడో స్థానం పోర్షే డ్రైవరు అంతోనియో ఫెలిక్స్ ద కోస్టాకి పోయింది. ఇంత కథ నడిచిన మనుషులు మన ట్యాంక్‌బండ్ పక్కకొచ్చి వెళ్ళారు. స్టాండులో ఉన్న మాకు ఎవరూ చెప్పలేదు. నేను కూర్చున్న చోట వినిపించిన వ్యాఖ్యానమంతా ఇంగ్లీషే, అదీ చెట్లలో కలిసిపోయింది. నీల్ జానీ సంగతి నేను ఇంటికొచ్చి వెతుక్కున్నాను.

ఇక్కడి నుంచి ఫార్ములా-ఇ మీద నా అసలు ఫిర్యాదు. అది చప్పుడు లేకపోవడం కాదు. ఖర్చయ్యేదేదో కనబడకపోవడం. ఆ చార్జి శాతాలు టీవీ చూసేవాడికి తెర మీద అంకెలుగా పడతాయి. రోడ్డు పక్క కూర్చున్నవాడికి పడవు. లారీ నడిపినవాడు కాబట్టి మా నాన్న కాలు తియ్యడం కనిపెట్టాడు. మిగతా వేలమందికి అవి కేవలం తక్కువ చప్పుడుతో తిరిగే కార్లు. నాటకం అంతా తెర వెనక జరిగి, రంగస్థలం మీద నటులు అటూ ఇటూ నడుస్తున్నట్టు. పైగా మన ఇంటి జట్లనుకోదగ్గవి రెండున్నాయి ఆ రోజు. ఒకటి మహీంద్రా. రెండోది టాటాల చేతిలో ఉన్న జాగ్వార్. జాగ్వార్ కారులో మిచ్ ఎవాన్స్ అందరికంటే ముందు స్థానం నుంచి మొదలెట్టాడు. అతన్ని గుద్ది రేసులోంచి తప్పించింది ఎవరంటే, అతని జట్టువాడే, సామ్ బర్డ్. జట్టు మొత్తం ఒకే మలుపులో ముగిసింది. మహాభారతం తెలిసిన జనానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ నిమిషంలో స్టాండులో ఎవరికీ ఏం జరిగిందో తెలీదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పందెం మావైపు ఉంది. బండలాగుడు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకి వెళ్ళిన ప్రతివాళ్ళకీ తెలుసు. ఒంగోలు జాతి ఎడ్ల జత, కాడికి కట్టిన పెద్ద రాతి బండ, ఇసక పరిచిన బరి. పదో, పదిహేనో, ఇరవయ్యో నిమిషాల్లో ఆ బండని ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. పక్కన పోటీగా ఇంకో జత ఉండదు, ఒక జత తరవాత ఇంకో జత. అంటే ర్యాలీ లాగే గడియారంతో పందెం. ఇంకా విశేషం ఏమిటంటే తరగతులు. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, జూనియర్లు, సీనియర్లు. ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసి విభాగం తేలుస్తారు. మోటారు రేసుల్లో "ఫార్ములా" అన్న మాటకి అర్థం అదే కదా, అందరూ ఒప్పుకున్న కొలత. వాళ్ళు ఇంజను లీటర్లలో చూస్తారు, మావాళ్ళు పళ్ళలో.

అక్కడ ఖర్చయ్యేది ఊపిరి. అది చివరి వరసలో నిలబడ్డ పిల్లాడికి కూడా కనబడుతుంది. డొక్కలు ఎగరడం, నోటి నురగ, ముందుకాళ్ళు వంగడం. మొదటి రౌండ్లలో ఆవేశపడి తోలించినవాడి జత చివరి నిమిషాల్లో నిలబడిపోతుంది. తెలిసినవాడు మొదట్లో అదిలించడు, బండ కదిలాక దాని ఊపు పోకుండా చూసుకుంటాడు, తిప్పు దగ్గర ఒక్క క్షణం వదులుతాడు. లిఫ్ట్ అండ్ కోస్ట్! మావాడన్న పోస్టాఫీసు పొదుపే, నురగలు కక్కుతూ. ఇక మైకు పట్టుకున్నాయన ఉంటాడు చూడండి, ఆయన మా ప్రాంతపు గొప్ప విమర్శకుడు. నిమిషాలు చెబుతాడు, అడుగులు చెబుతాడు, ముందు జత కంటే ఎంత వెనకున్నారో చెబుతాడు, ఈ ఎద్దు ఎవరి దొడ్లో పుట్టిందో, పోయినేడు ఎక్కడ ఓడిందో చెబుతాడు. ఏది ఖర్చవుతోందో అందరికీ తెలిసేట్టు చెప్పడం ఆయన పని. సాగర్ ఒడ్డున కరువైంది ఆయనే.

ఇలా రాసుకుంటూ పోతే బండలాగుడుని ఆకాశానికెత్తినట్టవుతుంది. ఖర్చు కనబడుతోంది అన్నాను. ఎవరిది? ఎద్దుది. ఆ పందెంలో చేరడానికి అది ఒప్పుకోలేదు. చర్నాకోల దెబ్బ వినిపించినప్పుడు నేను తల తిప్పుకున్న సందర్భాలున్నాయి. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టునీ ఎడ్లబండి పందేలనీ నిషేధిస్తూ ఇచ్చిన తీర్పు, మళ్ళీ 2023 మేలో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల చట్టసవరణలని రాజ్యాంగ ధర్మాసనం సమర్థించడం, ఈ రెండింటి మధ్యలో మా ఊళ్ళో జరిగిన వాదనల్లో నేను రెండు పక్షాల్లోనూ మాట్లాడాను. కన్నబిడ్డల్లా మేపుతారన్నది నిజం. చర్నాకోలా నిజమే.

మనుషుల పందేల్లో ఈ ఇబ్బంది లేదనుకోవడానికి వీల్లేదు. ఐల్ ఆఫ్ మాన్ దీవిలో మామూలు రోడ్ల మీద, ఇళ్ళ గోడల పక్కనుంచి, ఒక్కో ల్యాపు అరవై కిలోమీటర్ల పైన సాగే మోటార్‌సైకిల్ పందెం ఉంది. వందేళ్ళు దాటిన ఆ దారి మీద చనిపోయినవాళ్ళు 250 మందికి పైనే. ఖర్చయ్యేది సూటిగా ప్రాణమే. అది చూసేవాళ్ళలో దాని పవిత్రత గురించి మాట్లాడేవాళ్ళున్నారు. తెలిసి చేస్తున్నారు, పెద్దవాళ్ళు, వాళ్ళిష్టం అంటారు. 2023 ఆగస్టులో చెన్నై సర్క్యూట్‌లో జాతీయ స్థాయి పోటీలో పడిపోయి చనిపోయిన బెంగళూరు పిల్లవాడికి పదమూడేళ్ళు. ఆ వార్త చదివిన రాత్రి "ఒప్పుకోవడం" అన్న మాట నా వాదనల్లోంచి జారిపోయింది. ఎద్దు ఒప్పుకోలేదు సరే, పదమూడేళ్ళవాడు దేనికి ఒప్పుకున్నట్టు? మా మిత్రుడికి ఫోన్ చేసి ఇదే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "నేనింక రేసులు చూడకూడదా?" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను, మర్నాడు మళ్ళీ ఇద్దరం చూశాం కాబట్టి.

సినిమాలు ఈ చిక్కుని ఎలా దాటాయో చూడటం నాకు సరదా. 1971 నాటి "లె మాన్స్" మొదటి అరగంట పైన దాదాపు మాటల్లేకుండా నడుస్తుంది. కథ ఎక్కడ అని జనం విసుక్కున్న ఆ సినిమా ఒక్కటే రేసుని రేసుగా చూపించిందని నా అభిప్రాయం. "రష్" 1976 నాటి లాడా, హంట్ల వైరం తీసుకుని పందేన్ని ఇద్దరు మగవాళ్ళ పెళ్ళి గొడవలా మార్చేసింది, అయినా బాగుంటుంది. "ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ"లో అసలు ప్రతినాయకుడు ఇటలీలో లేడు, ఫోర్డు ఆఫీసు మీటింగు గదిలో ఉన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగిగా ఆ సినిమాకి నేను రెండుసార్లు లేచి చప్పట్లు కొట్టాను. 2019 నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో వస్తున్న "డ్రైవ్ టు సర్వైవ్" మాత్రం రేసుని తీసేసి రేసు చుట్టూ ఉన్న మొహాలని మిగిల్చింది. దాన్ని చూసి ఫార్ములా వన్‌కి వచ్చిన మా ఆఫీసు పిల్లలకి డ్రైవర్ల ప్రేమకథలన్నీ తెలుసు, టైరు సంగతి తెలీదు. వాళ్ళని వెక్కిరించే హక్కు నాకు లేదు, బస్సు హారన్లు విని వచ్చినవాణ్ణి.

రోలాఁ బార్త్ 1961లో ఒక కెనడా డాక్యుమెంటరీకి ఆటల మీద వ్యాఖ్యానం రాశాడు. ఎద్దుపోరు, కారు పందెం, సైకిల్ పందెం, మంచు హాకీ, ఫుట్‌బాల్, ఒక్కో దాంట్లో మనిషి దేనితో పోరాడుతున్నాడని అడుగుతూ పోతాడు. కారు పందెంలో శత్రువు పక్క కారు కంటే ఎక్కువగా కాలం అన్నది నాకు అర్థమైనంతలో ఆయన మాట. కుస్తీ నుంచి కార్ల దాకా రాసిన ఆయనకి ఈ చిన్న విషయం తెలుసు, ఆటని ఆటగా చదివితేనే మిగతావన్నీ అందులోంచి బయటికొస్తాయని. ఇండియన్ గ్రాండ్‌ప్రీని క్రీడ కాదు, వినోదం అని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం పన్ను వేస్తే, మనం ఆ పన్ను న్యాయమా కాదా అనే మాట్లాడుకున్నాం. క్రీడకీ వినోదానికీ తేడా ఏమిటన్న ప్రశ్నని ఒక గుమాస్తా మన ముందుకి తెచ్చిపెట్టాడు, అక్కణ్ణుంచి ముందుకి తీసుకెళ్ళాల్సిన పని మనది. తెలుగులో ఎడ్ల పందేలున్న కథలు చదివాను. వాటిల్లో పందెం ఎప్పుడూ ఇంకేదో పరువుకీ పగకీ గుర్తుగానే ఉంటుంది, ఎద్దు ఊపిరి లెక్క ఎక్కడా తగలదు.

2025 దాకా మే నెల ఆఖర్లో వచ్చే ఒక ఆదివారం మా ఇద్దరికీ పండగగా ఉండేది. ఒకే రోజు మొనాకో, ఇండియానాపొలిస్, షార్లెట్, మూడు రకాల రేసులు. మన టైములో సాయంత్రం మొదలై మర్నాడు పొద్దున దాకా. పోయినసారి సెలవు పెట్టుకుని గరికపాడులోనే ఉన్నాను. మొనాకో అయింది, ఇండీ మధ్యలో నిద్రపోయాను. మూడున్నరకి మావాడు ఫోన్ చేసి లేపాడు, వాడి ఊరి రేసు మొదలవుతోందని. లారీ మానేసి ఎన్నేళ్ళయినా ఆ వేళకి లేవడం నాన్నకి అలవాటు. వచ్చి మంచమ్మీద కూర్చుని కాసేపు చూశాడు.

"ఎంత దూరం?"

"ఆరొందల మైళ్ళు. తొమ్మిదొందల అరవై కిలోమీటర్లు."

"హైదరాబాదుకి రెండు ట్రిప్పుల పైనే." ఇంకో రెండు ల్యాపులు చూశాడు. "మధ్యలో అన్నానికి ఆగరా?"

ఫోన్లో మావాడికి వినబడింది. "లేదు బాబాయ్, ఆగరు" అన్నాడు అక్కణ్ణుంచి.

"మరి కాలెప్పుడు తీస్తారు?" అన్నాడు నాన్న, ఫోను దగ్గరికి జరిగి. వాడు చెప్పడం మొదలెట్టాడు.